వేరుసెనగ వెన్న – మా అమ్మ చిమ్మిలి

గడచిన ఆడిమాసమున ఒకనాటి ఉదయము మా మనుమరాలు ఫలాహారపు వేళకు ఒక గాజుసీసాను తెచ్చి మా ముందుంచినది. మూత తీసి చూడగా లోపల గోధుమవన్నె ముద్దయు, దానిపై పలుచగ తేరిన నూనెయు కనబడినవి. ఆ ముద్దను చెంచాతో తీసి రొట్టెముక్కకు పూసికొనుచు ఆ బిడ్డ, “తాతా, దీన్ని వెన్న అంటారు. దీంట్లో పాలే లేవు కదా? ఇది ఒంటికి మంచిదా, చెడ్డదా? నువ్వు చెప్పు” అని అడిగినది. వంటయింటినుండి మా కోడలు, “మామా, దీని స్నేహితులంతా ఇదే తింటారంట. పట్టుబట్టి కొనిపించింది. మీరే ఒక మాట చెప్పండి” అని భారము మా మీదనే మోపినది.

డెబ్బదియేండ్లు పైబడినవారు అడిగినదానికి వెంటనే బదులు చెప్పుట లోకసహజము. అడుగనిదానికి కూడ చెప్పుట మరింత సహజము. అయినను ఆనాడు మాకు మాట పెగలలేదు. ఈ ప్రశ్న మా యింట ఇంతకు మున్నొకమారు పుట్టినది. అప్పుడు మేమిచ్చిన తీర్పు తప్పు తీర్పు. అది దిద్దుకొనుటకు వీలు లేని తప్పు. ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, నాయకరాజుల చరిత్రయో, దక్షిణాంధ్ర వాఙ్మయమో ఎత్తికొనక, వేరుసెనగ ముద్దను గూర్చి వ్రాయబూనుటకు కారణమిదియే. చదువరులు మన్నింతురు గాక.

మాది కోయంబత్తూరునకు తూర్పున, అవినాశి పోవు దారిలో ఒక చిన్న పల్లె. మా పూర్వులు ఏ ఊరినుండి, ఏ యేట తరలివచ్చిరో మా యింట వ్రాత లేదు. విజయనగరపు దండుల వెంట కొందరును, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర పాలనమునకు వచ్చిన పిమ్మట మరికొందరును, ఆ తరువాత కరవులకును కలతలకును ఓర్వలేక ఇంక కొందరును ఈ కొంగునాటికి, ఆ పాండ్యనాటికి వచ్చి నల్లరేగడి నేలలలో నిలిచిరి. వచ్చునప్పుడు వారు జొన్న, సజ్జ, రాగి, నువ్వులు తెచ్చిరో, ఇక్కడివానినే సాగు చేసిరో చెప్పజాలము. పలుకును మాత్రము నిశ్చయముగ తెచ్చిరి. ఆ పలుకు నేటికిని మా వంటయింట నున్నది. మా మనుమరాలికి తెలుగు వ్రాయను చదువను రాదు. మాటలాడుట మాత్రము వచ్చును. మా తరమువారిలోనే పెక్కుమంది అంతే. ఈ వ్యాసమును గూడ మేమే ఆమెకు చదివి వినిపింపవలెను.

అయితే ఆ మూటలలో లేని వస్తువు ఒకటి కలదు. అది వేరుసెనగ. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువారి ఓడలు అట్లాంటిక్ సముద్రమును దాటించిన పిమ్మట అది ఆఫ్రికాకును, ఆసియాకును ప్రాకినది. తమిళనాట దక్షిణార్కాటు ప్రాంతమున 19వ శతాబ్ది మధ్యమునాటికి విస్తారముగ పండుచుండెను. పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సుదేశపు మార్సెయి పట్టణమునకు ఓడలకెత్తిరి. అక్కడ దానిని మణిలాకొట్టై యనిరి. అదియే నలిగి మల్లాట్టై యయినది. ఫిలిప్పీను దీవుల రాజధాని పేరు మన పల్లెరైతు నోట ఇట్లు నిలిచినది. మన తెలుగువారు వేరుసెనగ యనిరి, రాయలసీమవారు చెనక్కాయ యనిరి, కర్నూలు వైపువారు బుడ్డ యనిరి, తెలంగాణమువారు పల్లి యనిరి. మా పూర్వులు తెలుగునాడు విడిచిన వెనుకగాని ఈ పేర్లు వాడుకకు రాలేదు. కావున మా యింట ఈ పేర్లలో ఒక్కటియు లేదు. అరవపు కడలక్కాయయే మా నాలుకకు ఒదిగి కడలకాయ యయినది.

పేరు పెట్టుటలో మానవుని స్వభావమును గమనింపుడు. కొత్త వస్తువు వచ్చినప్పుడు ఎరిగిన వస్తువు పేరునకే ఒక తోక తగిలించును. మన పెద్దలు నేలలో కాయు కాయను చూచి ‘వేరు’ సెనగ యనిరి. అది సెనగ కాదు. అమెరికావారు నూరిన ముద్దను చూచి వెన్న యనిరి. అది వెన్న కాదు. మాకు సమీపముననున్న ఊత్తుకుళి వెన్నకు పేరుగన్న ఊరు. ఆ వెన్న తిని పెరిగినవారికి ఈ సీసాలోని ముద్దను వెన్న యనుటకు నోరు రాదు. మనవారే ముందుగ దీనిని చేసియుండినచో ముద్ద యనియో, పచ్చడి యనియో పేరు పెట్టియుందురు.

ఆ మాటకు వచ్చినచో, మనవారు చేయనే లేదా? వేరుసెనగ రాకమునుపు మన యిండ్లలో నువ్వులుండెను. దోరగ వేచిన నువ్వులను రోటిలో బెల్లముతో దంచగా దంచగా నూనె ఊరి ముద్ద కట్టును. అదియే చిమ్మిలి. పెద్దమనిషియైన పిల్లకు పెట్టుదురు, బాలింతకు పెట్టుదురు, పొలమునుండి వచ్చినవారికి పెట్టుదురు. పశ్చిమాసియావారు నువ్వులను నూరి తహిని యని రొట్టెకు అద్దుకొందురు. పేరు వేరు, రుచి వేరు, పని యొక్కటే. గింజలోని నూనెతోనే గింజను ముద్ద చేయుట. తరువాత వేరుసెనగ చవుకగ దొరకుటతో నువ్వులలో సగము తగ్గించి, ఆపై పూర్తిగ మాని, కడలకాయలతోనే చిమ్మిలి దంచుట మా పల్లెలో అలవాటయినది.

మా నాయన వానకారు పైరుగ కడలకాయ వేయుచుండెను. తిండివనము పరిశోధనక్షేత్రమునుండి 1940లో వచ్చిన టి.ఎం.వి. 2 అను గుత్తిరకమే మా చిన్ననాట మా ప్రక్కలందు ఎక్కువగ నుండెను. మూడున్నర నెలలకే చేతికి వచ్చును. కాయ పెరికి ఇంటికి చేరిన పిమ్మట పని అంతయు మా అమ్మది. కాయలను ఎండబోసి, చేతబట్టి ఊపి, గలగలమను చప్పుడు వచ్చువరకు మూట కట్టనిచ్చెడిది కాదు. ఒలిచిన పప్పును చేటలో పోసికొని ముంగిట కూర్చుండి ఏరుచుండెను. ముడుతపడినవి, రంగు మారినవి, బూజు వాసన గలవి ఒక్కొక్కటిగ తీసి దూరముగ పారవేయును. కోళ్ళకైనను వేయనీయదు. అనుమానమైన గింజను కొరికి చూచి ఉమియును. “ఒక్క చేదుగింజ ఉంటే దంచిందంతా చేదే” అని యామె మాట.

ఏరిన పప్పును పెంకలో సన్నని సెగపై వేచి, పొట్టు చెరిగి, రోటిలో వేసి దంచును. ముందు పొడి యగును. తరువాత పొడి అంటుకొనును. ఆ తరువాత రోకలి పట్టి లాగును. అప్పుడు బెల్లము చేర్చును. ఉండ కట్టిన చేతికి నూనె అంటును. ఆ చేతిని ఆమె మా తలకు రాచెడిది. మేము బడికి పోవునపుడు జేబులో ఒక ఉండ, మా నాయన పొలమునకు పోవునపుడు పంచెకొంగున రెండు ఉండలు. అదియే మా పీనట్ బటర్.

1991లో మా నాయన గుండెపోటుతో పోయెను. ఆ దుఃఖమున మాకొక భయము పట్టుకొన్నది. అప్పుడు మమ్ము పరీక్షించిన వైద్యుడు నెత్తురులో కొవ్వు హెచ్చినదని, నూనె వాడుక తగ్గించుకొమ్మని చెప్పెను. ఆయన చెప్పినది అంతవరకే. ఇంటికి వచ్చి మేము దానికి మా తెలివిని చేర్చితిమి. నూనె చెడ్డదైనచో నూనెగింజ మరింత చెడ్డది కావలెను గదా! కడలకాయ మా యింట అడుగు పెట్టరాదని శాసించితిమి. పచ్చడిలో లేదు, పొడిలో లేదు, పండుగనాటి ఉండలో లేదు. ఇంటివారందరు భయముచే తలయొగ్గిరి.

1999 నాటికి మా అమ్మకు డెబ్బదినాలుగేండ్లు. పండ్లన్నియు రాలినవి. గంజి, చారన్నము, మెత్తని ఇడ్డెన తప్ప వేరొకటి మ్రింగజాలదు. నానాటికి చేతుల కండ కరగి, గాజులు మోచేతికి జారుచుండెను. ఒకనాటి సాయంకాలము మమ్ము పిలిచి, “నాయనా, కొంచెం చిమ్మిలి దంచి పెట్టమను. నమలలేను కానీ, దంచిందయితే చప్పరించుకుంటాను” అనెను. మేము, “వద్దమ్మా, కొవ్వు పెరుగుతుంది” అంటిమి. ఆమె మా మొగము చూచి నవ్వి, “నాకింకేం పెరగాలి నాయనా” అనెను. మరల అడుగలేదు. ఆ యేటి మార్గళి నెలలో కన్నుమూసెను.

ఆ తరువాత ఏడెనిమిది సంవత్సరములకు మాకు మధుమేహము కనబడినది. ఆహారనియమములు చెప్పు ఒక అమ్మాయి, మా మనుమరాలి వంటి చిన్నది, కాగితముపై మేము తినదగినవి వ్రాయుచు, “సాయంత్రం బిస్కత్తుల బదులు పిడికెడు కడలకాయలు తినండి” అని వ్రాసినది. కొవ్వు గదా యంటిమి. ఆ పిల్ల ఓర్పుతో వివరించినది. ఆ కాగితమును జేబులో పెట్టికొని ఇల్లు చేరి, చాలసేపు వరండాలో ఊరక కూర్చుంటిమి. నాటినుండి ఈ విషయమును గూర్చి దొరకినదెల్ల చదువుచు వచ్చితిమి. అందు మాకు నిశ్చయముగ తోచిన కొన్నింటిని ఇక్కడ మనవి చేయుదుము.

మొదట ఈ సీసా పుట్టుక. వేచిన వేరుసెనగను ముద్దగ నూరు పద్ధతికి 1884లో మాంట్రియల్ పట్టణపు ఎడ్సన్ అనునాతడు అమెరికాలో పేటెంటు పొందెను. తరువాత 1895లో అమెరికా వైద్యుడు కెల్లాగ్ గింజల వెన్న చేయు తన విధానమునకు పేటెంటు కోరెను. మాంసము మానినవారికి, నమలలేని రోగులకు బలమైన ఆహారము కావలెనని ఆయన తలంపు. నమలలేనివారికి! ఈ మాట చదివిననాడు మాకు మా అమ్మ గుర్తు రాకుండునా? 1920 తరువాత నూనె పైకి తేలకుండ గట్టిపరచిన కొవ్వును కొంచెము కలుపు ఉపాయము కనుగొనిరి. అంతటితో ఈ ముద్ద అంగళ్ళలో నెలల తరబడి నిలువ నుండదొడగినది.

ఇక దాని బలము. మన దేశపు ఆహారపట్టికల ప్రకారము 100 గ్రాముల వేరుసెనగపప్పులో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, కొవ్వు సుమారు 40 గ్రాములు, శక్తి 567 కిలోకేలరీలు. అంతే తూకపు బియ్యములో మాంసకృత్తులు ఇంచుమించు 7 గ్రాములే. వేరుసెనగ కొవ్వులో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే గడ్డకట్టు జాతి. తక్కినది ద్రవరూపమున నుండు మేలిజాతి. కొలెస్టరాలు అను పదార్థము జంతుసంబంధమైన ఆహారములలోనే చెప్పుకొనదగినంత యుండును, వేరుసెనగలో లేదు. పాలవెన్నలో అది కలదు, దాని కొవ్వులో సగమునకు పైగ గడ్డకట్టు జాతియే. పేరు ఒక్కటైనను గుణము వేరనుట కిదియే నిదర్శనము. నెత్తురులో చక్కెరను కూడ వేరుసెనగ మెల్లగ, కొద్దిగ మాత్రమే పెంచును.

ఈ పట్టికల కథ మాకు ఆప్తమైనది. మా ఊరినుండి ఉత్తరముగ చూచిన నీలగిరులు కనబడును. ఆ గిరులలోని కూనూరున 1918లో మెకారిసన్ అను వైద్యుడు పాస్టరు సంస్థ భవనములో ఒక గదిలో పోషకాహార పరిశోధన మొదలుపెట్టెను. మన దేశమున ఆయా ప్రాంతములవారు తిను తిండిని ఎలుకలకు పెట్టి పెంచి, తెల్లబియ్యమునే నమ్మిన మన దక్షిణాది తిండి ఎంత బలహీనమో ఆయన చూపించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. మేము తెలుగునాటినుండి ఇటు వచ్చితిమి. మా కొండలలో పుట్టిన విద్య తెలుగునాటికి పోయినది. ఇంత దగ్గర నుండియు దానిని మేమెరుగక పోతిమి. పెరటి చెట్టు మందుకు రాదని పెద్దలు ఊరక యనలేదు.

వేరుసెనగకు లోపములు లేవని కాదు. అందలి మాంసకృత్తులలో లైసిన్ అను అంశము తక్కువ. పప్పుదినుసులలో అది సమృద్ధి. 1950లో స్థాపితమైన మైసూరు ఆహార పరిశోధనాలయమువారు బీదలకొరకు బహుప్రయోజనాహారమను పిండిని తయారు చేసినప్పుడు మూడుపాళ్ళు నూనె తీసిన వేరుసెనగపిండికి ఒకపాలు సెనగపిండి కలిపి, పైన విటమినులు, సున్నపుపదార్థము చేర్చిరి. మన యాడువారు కడలకాయ పచ్చడిలో పుట్నాలపప్పు చేర్చుట ఈ లెక్క తెలిసి కాదు. అయినను లెక్క సరిపోయినది.

రెండవది పరిమాణము. పచ్చడిలో వేరుసెనగకు నీరు తోడై పలుచనగును. ఇంటిల్లిపాది కొక దోసెడు పప్పు చాలును. సీసాలోని ముద్దలో నీరు లేదు. రెండు నిండు చెంచాలు, అనగా 32 గ్రాములు తిన్నచో 190 కిలోకేలరీలు. ఇంచుమించు మూడు ఇడ్డెనల శక్తి. అది ఇడ్డెనలకు బదులైన మంచిదే. ఇడ్డెనలు తిన్న తరువాత పైకము వలె చేరినచో నడుము చుట్టు నిలుచును. పైగ గింజను నమలినప్పుడు అందలి కొవ్వు కొంత అరుగకయే వెడలిపోవును. మెత్తగ నూరినప్పుడు అదియు ఒంటపట్టును. చిక్కినవారికి ఇది మేలు, బరువు తగ్గవలసినవారికి హెచ్చరిక.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, బూజు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగ సీమకోళ్ళు కారణము తెలియక చచ్చెను. బ్రెజిల్‌నుండి వచ్చిన వేరుసెనగ పిండిలోని ఒక బూజు విషమే కారణమని తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. కాలేయమును చెరచును, చిరకాలము లోపలికి పోయినచో పుట్టకురుపునకు దారితీయును. 1974లో మన దేశపు పశ్చిమభాగమున బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగ మరణించిరి. హైదరాబాదు సంస్థవారు ఆ వ్యాధిని పరిశోధించిరి. వేపుటచే ఈ విషము పూర్తిగ నశింపదు. కాయను బాగుగ ఎండబెట్టుట, ముడుతపడి రంగు మారిన గింజను ఏరివేయుట, ఇవియే దీనికి ముఖ్యమైన రక్షణలు. చేట ముందు కూర్చున్న మా అమ్మను ఇప్పుడు తలచుకొనుడు. ఆమె అఫ్లటాక్సిన్ పేరు వినలేదు, చేదుగింజ నెరుగును. ఆమె విద్యను మేము చూచుచు పెరిగితిమి, నేర్చుకొనలేదు.

నాలుగవది, కొందరి శరీరమునకు వేరుసెనగ సరిపడదు. పెదవులు వాచి, దద్దురులెక్కి, ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివారు వాసనకైనను దగ్గరకు రాదగదు. పసిపిల్లలకు పూర్తిగ దూరముంచుటయే మేలని పూర్వము తలచిరి. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన అట్లు కాదని, పసితనముననే కొద్దికొద్దిగ అలవాటు చేసినచో ఈ వ్యాధి తగ్గునని చూపినది. వంశమున ఇట్టి బాధ యున్నవారు వైద్యుని అడిగి చేయవలెను. నాలుగైదేండ్లలోపు బిడ్డకు మాత్రము గింజ గింజగ ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. గట్టి ముద్దయు అట్టిదే; పలుచన చేసి పెట్టవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు కూడ వైద్యుని అడుగక తినరాదు.

తక్కిన గింజల వెన్నలను గూర్చి ఒక మాట. బాదము, జీడిపప్పు ముద్దలు నేడు అంగళ్ళలో గొప్పగ వెలయుచున్నవి. మంచివే, అయినను మాంసకృత్తులలో వేరుసెనగను మించవు, వెలలో మాత్రము ఎన్నో మడుగులు మించును. నువ్వులలో సున్నపుపదార్థము అపారము. పొట్టుతోనున్న 100 గ్రాముల నువ్వులలో 1450 మిల్లీగ్రాములని మన పట్టికలు చెప్పును. ఎముకలు సన్నగిల్లు వయసు స్త్రీలకు చిమ్మిలి పెట్టిన మన పెద్దలు తెలివితక్కువవారు కారు.

ఇంత తెలిసియు ఆ ఉదయము మేము మౌనముగ నుంటిమి. చివరకు మా మనుమరాలితో, “సీసా మీద ఏమి రాసుందో చదువు” అంటిమి. వేరుసెనగ, చక్కెర, గట్టిపరచిన నూనె, ఉప్పు అని వరుసగ చదివినది. ఏది ఎక్కువ తూకమున నున్నదో అది ముందు వ్రాయుట నియమమని చెప్పితిమి. చక్కెర రెండవ స్థానమున నున్నది. “అయితే ఇది చెడ్డదా తాతా?” అనినది. “చెడ్డది కాదు. దీనికన్న మంచిది మన ఇంట్లో ఉండేది. నేనే వద్దన్నాను” అని మొత్తము కథ చెప్పితిమి. ఆ పిల్ల తినుట ఆపి వినెను. “అవ్వకు పెట్టలేదా?” అని ఒక్క మాట అడిగెను. మేము జవాబు చెప్పలేదు.

ఆ వారమున ఒక పెండ్లికి మేమిద్దరము మధురకు పోయితిమి. మా వదినెగారి యిల్లు తిరుమలనాయకుని మహలుకు నడకదూరమున నున్నది. ఏనాడో మా వలెనే వచ్చి నిలిచిన తెలుగు కుటుంబము. చిమ్మిలి యెట్లు చేయుదురని అడుగగా ఆమె ఆశ్చర్యపడి, “ఏం మరిదీ, ఇన్నేండ్లకు జ్ఞాపకం వచ్చిందా? మేము రాగి అడ కాల్చి, దాంట్లో కడలకాయలు, బెల్లం వేసి దంచుతాం. ఇక్కడోళ్ళు దాన్నే సిమిలి అంటారు” అనెను. తమిళదేశమున రాగి సిమిలి ప్రసిద్ధమే. మన చిమ్మిలియు, వారి సిమిలియు అక్కచెల్లెండ్రని పేరే చెప్పుచున్నది. దక్షిణమున కోవిల్‌పట్టి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నల్లరేగడి నేలలోను మన తెలుగువారు తరతరములుగ నున్నారు. అచ్చటను కడలకాయయు, బెల్లమునే.

ఇల్లు చేరి మా మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టికొని పని మొదలుపెట్టితిమి. రెండు శేర్ల పప్పును చేటలో పోసి ఏరితిమి. మా కన్ను మందగించినది. ఆ బిడ్డ కన్ను చురుకు. మేము విడిచిన ముడుతగింజలను ఆమె ఏరినది. రోలు ఎప్పుడో పెరటిలో బోర్లపడినది. కాని మా కోయంబత్తూరు గ్రైండరు వాసికెక్కినది గదా! రాతి గుండ్లతో తిరుగు ఆ యంత్రములనే నేడు విదేశములవారు చాక్లెట్టునకు, గింజల ముద్దలకు వాడుచున్నారు. దానిని కడిగి, ఎండలో బాగుగ ఆరబెట్టి, వేచి పొట్టు తీసిన పప్పును కొద్దికొద్దిగ వేసితిమి. నీటిచుక్క తగులరాదు, తగిలినచో ముద్ద చెడును. ముందు పొడి, పిమ్మట ఉంట, ఆపై తనంతట తానే జారు ముద్ద. చిటికెడు ఉప్పు. ఒక భాగమును అట్లే సీసాకెత్తి చల్లని పెట్టెలో ఉంచితిమి. వెలుపల నుంచినచో నూనె కనరెక్కును. వేరొక భాగమునకు బెల్లము చేర్చి ఉండలు కట్టితిమి. మా మనుమరాలు ఈ పద్ధతినంతయు తన పుస్తకమున వ్రాసికొన్నది. తెలుగు మాటలు, తమిళ లిపి. చేట, పొట్టు, చిమ్మిలి.

ఇక తీర్పు. వేరుసెనగ వెన్న ఆరోగ్యాహారమున చేరదగినదే. సీసాపై వేరుసెనగయు, ఉప్పును తప్ప వేరేమియు లేకున్న మేలు. దినమునకు ఒకటి రెండు చెంచాలు చాలును. జొన్నరొట్టెకో, రాగిదోసెకో తోడుగ తినవలెను గాని ఉత్త చెంచాతో సీసా ఖాళీ చేయరాదు. ఎదుగు పిల్లలకు, పండ్లు లేని వృద్ధులకు, పనిపాటలవారికి ఇంత చవుకగ ఇంత బలమిచ్చు వస్తువు అరుదు. వైద్యుడు చెప్పినదానిని వినుడు. ఆయన చెప్పనిదానిని భయముచే చేర్చుకొనకుడు. ఇంటిలోని వృద్ధులు నోరు తెరచి ఒకటి అడిగినప్పుడు, వద్దనుటకు ముందు ఒకమారు కనుగొని చెప్పుడు. ఈ కడపటి మాట ఏ పట్టికయందును లేదు. మా అనుభవమున నేర్చినది.

ఆ నెలలోనే ఆడి అమావాస్య వచ్చినది. మా వైపున ఆనాడు పెద్దలకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టుదుము. ఇన్నేండ్లు మా అమ్మ ఆకులో వడ, పాయసము పెట్టుచు వచ్చితిమి. అవి ఆమెకు ఇష్టములని ఎవరు చెప్పిరో తెలియదు. ఈ యేడు మా మనుమరాలు తానే ఒక చిమ్మిలి ఉండను తెచ్చి, చేతితో కొంచెము చిదిపి, మెత్తగ చేసి ఆకులో ఉంచినది. “అవ్వకు పళ్ళు లేవు కదా తాతా” అనినది.